క్యాన్వాస్ మీద పాలిథిన్ కవర్ నిలవడం లేదు, ఏ జిగురు వాడాలి?

మా అమ్మాయికి 14 ఏళ్లు. సముద్ర కాలుష్యం మీద 24x36 అంగుళాల క్యాన్వాస్‌పై యాక్రిలిక్ రంగులతో బొమ్మ వేస్తోంది. పాలిథిన్ కవర్‌ను జెల్లీఫిష్ అనుకుని నోట కరిచిన ఆలివ్ రిడ్లే తాబేలు అది. ఆ కవర్‌ను మాత్రం రంగుతో వేయకుండా, విశాఖ ఆర్కే బీచ్‌లో తను ఏరిన అసలు కవర్ ముక్కల్నే అతికించాలని దాని పట్టుదల. నాకూ అదే సరైనదనిపించింది.

కవర్లను సబ్బుతో కడిగి రెండు రోజులు ఆరబెట్టాం. మొదట చెక్క పనికి వాడే తెల్ల జిగురు రాశాం. రాత్రంతా బరువు పెట్టి ఉంచినా పొద్దున్నే అంచులు లేచాయి, మధ్యాహ్నానికి మొత్తం ఊడొచ్చింది. జిగురంతా క్యాన్వాస్‌కే ఉంది, కవర్‌కు అంటనే లేదు. గ్లూ గన్ వాడితే వేడికి కవర్ ముడుచుకుపోయింది. గరుకు కాగితంతో రుద్ది జెల్ మీడియం (యాక్రిలిక్ రంగుల్లో కలిపే చిక్కటి, జిగురులాంటి పదార్థం) పూస్తే మూడు రోజులు నిలిచింది, అంతే. బొమ్మలోనే పెట్టిన బాటిల్ మూతలను సన్న తీగతో కుట్టేశాం, అవి గట్టిగానే ఉన్నాయి. కవర్‌ను కుడితే చిరుగుతోంది.

ఇంకో 10 రోజుల్లో ప్రదర్శనకు ఇవ్వాలి, పిల్ల టెన్షన్ పడుతోంది. కింది రంగు పాడవకుండా, పల్చటి పాలిథిన్ క్యాన్వాస్ మీద నిలిచేలా అంటించడానికి మీరు ఏం వాడారు?