పైన ఐస్ గట్టిగా ఉంది, కింద పాలు విరిగిపోతున్నాయి. నిజంగా గ్యాస్ అయిపోయిందా?

కిమిడి వంటిల్లు:
నమస్తే అందరికీ. మాది పర్లాకిమిడి. ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్ ఉంది, ఫ్రాస్ట్ ఫ్రీ, కొని ఆరేళ్లు దాటింది, ఇన్నాళ్లూ ఏ పేచీ పెట్టలేదు. ఈమధ్య మాత్రం వింతగా తయారైంది. పైన ఫ్రీజర్‌లో ఐస్ బాగానే గడ్డకడుతోంది, కింద చల్లదనమే లేదు. పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రం టీకి పెడితే విరిగిపోతున్నాయి, ఇడ్లీ పిండి పొంగి గిన్నె మీంచి కారుతోంది, మా అత్తగారు పెరుగు నోట్లో పెట్టుకుని ఏమీ అనకుండా నా వైపు చూస్తున్నారు. కూరగాయల ట్రే కింద నీళ్లు కూడా చేరుతున్నాయి.
బజార్లో ఒక మెకానిక్‌ని పిలిచాం. తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది, 3,500 అవుతుంది అన్నాడు. వెనక్కి తిప్పి కూడా చూడలేదు. ఇంకో సంగతి, సాయంత్రం ఏడు దాటాక మా వీధిలో లైట్లు మందగిస్తాయి, అప్పుడు ఫ్రిజ్ వెనక గుయ్‌మని మోత వచ్చి టిక్‌మని ఆగిపోతుంది, కాసేపాగి మళ్లీ అదే. రెండూ ఒకటే జబ్బా? డబ్బు కట్టేముందు అడుగుదామని.

రాయగడ పాత టూల్‌కిట్:
అమ్మా, ఆ 3,500 ఇప్పుడే ఇవ్వకండి. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడేకొద్దీ అయిపోయే వస్తువు కాదు. పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. లీక్ ఎక్కడో వెతకకుండా గ్యాస్ ఎక్కిస్తానంటే మళ్లీ కొన్నాళ్లకు అదే బిల్లు కడతారు.
మీరు చెప్పినదాన్నిబట్టి నాకు డీఫ్రాస్ట్ మీద అనుమానం. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లబరిచే కాయిల్ ఒక్కటే, అది ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉంటుంది. అక్కడి చల్లగాలిని ఒక చిన్న ఫ్యాన్ సందుల్లోంచి కిందికి తోస్తుంది, కింది అరకు సొంత చల్లదనం అంటూ ఏమీ లేదు. కాయిల్ మీద పేరుకునే మంచుని కరిగించడానికి ఒక హీటర్ ఉంటుంది, కొన్ని గంటలకోసారి తనంతట తనే వెలుగుతుంది. ఆ హీటరో, దాన్ని నడిపించే బైమెటల్ అనే చిన్న స్విచ్చో, సెన్సరో పోయిందంటే మంచు పేరుకుని గాలి దారి మూసేస్తుంది. పైన కాయిల్ పక్కనే కాబట్టి ఐస్ అవుతుంది, కిందికి మాత్రం గాలి రాదు. కరిగిన నీళ్లు పోయే రంధ్రం కూడా గడ్డకడితే ఆ నీళ్లు లోపలికే కారతాయి. మీ ట్రే కింద నీళ్లు అవే అయ్యుండాలి.
పరీక్షకు ఖర్చు లేదు. సామాను తీసేసి, ప్లగ్ పీకి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవండి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐస్ పొడవకండి, కాయిల్ అల్యూమినియం, చిన్న బెజ్జం పడినా అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

గుణుపురం ఫ్యూజు:
పైన పెద్దాయన చెప్పింది కరెక్టే, కానీ గుయ్, టిక్ సంగతి వేరు. అది వోల్టేజ్. కంప్రెసర్ లేవబోతుంది, బలం చాలదు, వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ టిక్‌మని కరెంటు కోసేస్తుంది, చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. రోజూ ఇలా జరిగితే కంప్రెసర్ కాలిపోతుంది, దాని ముందు మీ 3,500 చిల్లర కింద లెక్క. మల్టీమీటర్ ఉన్నవాళ్ల చేత సాయంత్రం ఆ సాకెట్‌లోనే చూపించండి. 230 ఉండాల్సిన చోట 180 కిందికి పోతుంటే స్టెబిలైజర్ పెట్టాల్సిందే. కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది తీసుకోండి. ఆగిన వెంటనే లేవమంటే లోపల ప్రెషర్ ఇంకా సర్దుకోదు, కంప్రెసర్ మొరాయిస్తుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే కొన్నిటికి స్టెబిలైజర్ అక్కర్లేదు, స్టిక్కర్ మీద వోల్టేజ్ హద్దులు రాసి ఉంటాయి చూసుకోండి.
పక్కింట్లో లైట్లు బాగా వెలుగుతూ మీ ఇంట్లోనే మందగిస్తే అది ట్రాన్స్‌ఫార్మర్ గొడవ కాదు, మీ మీటర్ దగ్గరో బోర్డులోనో వైరు లూజు. వీధంతా అలాగే ఉంటే 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. ఒక్కరు చేస్తే కదలరు, వీధిలో నలుగురి చేత చేయించండి.

బరంపురం పిన్ని:
ఇంత రామాయణం ఎందుకండీ, ఫ్రీజర్‌లో మధ్యలో బటన్ ఉంటుంది, నొక్కితే ఐస్ అంతా కరిగిపోతుంది. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం. అది కాకపోతే తలుపు రబ్బరు వదులై ఉంటుంది. కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, ఊరికే వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

రాయగడ పాత టూల్‌కిట్:
పిన్నిగారూ, ఆ బటన్ సింగిల్ డోర్ వాటికి. వీళ్లది ఫ్రాస్ట్ ఫ్రీ, దానికి బటన్ ఉండదు. కాగితం పరీక్ష మాత్రం బంగారం, అందరూ చేయాల్సిందే. రబ్బరు మడతల్లో జిడ్డూ బూజూ పడితే సబ్బు నీళ్లతో తుడిస్తే చాలాసార్లు మళ్లీ అతుక్కుంటుంది, మన వైపు వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. వదులు రబ్బరు లోంచి తేమ గాలి దూరినా కాయిల్ మీద మంచు పెరుగుతుంది, కాబట్టి మీరన్నది పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

కిమిడి వంటిల్లు:
చేశానండీ. పాలూ చేపలూ పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో సర్ది రాత్రి ఆపేశాం. తెల్లారేసరికి ప్యానెల్ వెనక పెళపెళ చప్పుడు, వంటింట్లో ఒకటే నీళ్లు. మర్నాడు రాత్రి ఆన్ చేస్తే కింద గాలి తగులుతోంది! పెరుగు గట్టిగా ఉంది, అత్తగారు మాట్లాడుతున్నారు. కాగితం పరీక్షలో రబ్బరు బాగానే పట్టింది. మీటర్ పెట్టిస్తే సాయంత్రం 172 చూపించింది, స్టెబిలైజర్ తెప్పిస్తున్నాం. మరి ఇంక మెకానిక్ అక్కర్లేనట్టేనా?

రాయగడ పాత టూల్‌కిట్:
తొందరపడకండి అమ్మా. మీరు మంచు కరిగించారు, మంచు ఎందుకు పేరుకుందో అది అలాగే ఉంది. వారానికో రెండు వారాలకో కింద మళ్లీ వెచ్చబడుతుంది. అప్పుడు మెకానిక్‌ని పిలిచి, గ్యాస్ మాట ఎత్తకముందే ఫ్రీజర్ ప్యానెల్ విప్పమనండి. కాయిల్ నిండా మంచు దట్టంగా పట్టి ఉంటే డీఫ్రాస్ట్ లోపమే. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతా కాయిల్ ఖాళీగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. హీటర్, బైమెటల్, ఫ్యూజు మూడూ మీటర్‌తో చూడమనండి, పోయిందొక్కటే మార్పించండి, మొత్తం కిట్ అంటే ఎందుకని అడగండి.
ఒకవేళ గ్యాసే అని తేలితే కంప్రెసర్ మీద స్టిక్కర్ చదవండి. ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్. ముందు దాన్ని కిటికీలు తెరిచి బయటికి పంపాలి, ఆ తర్వాతే పైపులు అతికే మంట టార్చ్ వెలిగించాలి. లీక్ మూసి, ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ లాగి, స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే కాటా మీద తూచి ఎక్కించాలి. కాటా, వాక్యూమ్ పంపు లేకుండా సిలిండర్ ఒక్కటే పట్టుకొచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే పంపించేయండి.

గుణుపురం ఫ్యూజు:
నాదొక మాట. పిన్ మూడోది పనిచేస్తోందో లేదో కూడా చూపించుకోండి. వానల్లో ఫ్రిజ్ బాడీ ముట్టుకుంటే జివ్వుమందంటే ఎర్తింగ్ లేదని, అలాంటప్పుడు ముందు ప్లగ్ తీయించాలి. ఇక కరెంటు పోతే తలుపు తెరవకపోవడమే మందు, మూసి ఉంచితే కింది అర ఓ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. 2018లో తిత్లీ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు కదా, అలాంటప్పుడు పాలూ చేపలూ మీద ఆశ పెట్టుకోవద్దు, పారేయడమే.

కిమిడి వంటిల్లు:
మీరన్నట్టే అయింది, నిన్నటి నుంచి కింద మళ్లీ వెచ్చగా ఉంది. వేరే మెకానిక్‌ని పాతపట్నం నుంచి పిలిపించాం, ప్యానెల్ విప్పితే కాయిల్ కనబడనంత మంచు. హీటర్ బాగుందట, బైమెటల్ పోయిందన్నాడు. ఆ పార్టు ఇక్కడ దొరకడం లేదు. బరంపురంలో దొరుకుతుందా, శ్రీకాకుళం పంపించాలా?

బరంపురం పిన్ని:
ఇక్కడ స్పేర్ పార్టుల షాపులు ఉన్నాయమ్మా, మా అబ్బాయిని పంపిస్తాను. ఫ్రిజ్ లోపలి గోడ మీద మోడల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది, దాని ఫొటో పెట్టు. పాత బైమెటల్‌ది కూడా పెట్టు, వైర్లూ కనెక్టరూ కనబడాలి, లేకపోతే షాపువాడు వేరేది అంటగడతాడు. కొన్న బిల్లు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకు, దాని మీద మీ ఫోన్ నంబరు ఉంటుంది.