లేకాక్ పాత ఛాయాచిత్రాలు: ఊరి చరిత్రా, దొరవారి కూర్పా?

గవాక్షం:
ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, ఏవన్ నది పక్కన లేకాక్ అనే ఊరుంది. ఉద్యోగం దగ్గరలోనే కావడంతో నాలుగైదుసార్లు వెళ్ళాను. అక్కడి సన్యాసినుల మఠం 1539లో మూతపడి జమీందారీ భవనంగా మారింది. టాల్బట్ కుటుంబానికి చెందిన ఆ ఇంట్లోనే విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో ఒక కిటికీ బొమ్మను చిన్న చెక్కపెట్టెతో కాగితం మీదికి పట్టాడు. ఆ పెట్టెలను చూసి ఆయన భార్య ఎలుకబోనులనేదట. మిగిలి ఉన్న నెగటివుల్లో అన్నిటికన్న పాతది అదే. తపాలా బిళ్ళంత బొమ్మ. తీసిన కొత్తలో భూతద్దంతో చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కకు వచ్చేవని ఆయనే దాని పక్కన రాసుకున్నాడు. 1840లలో ఆయన తీసిన గుర్రపుసాల గుమ్మాన్నీ గడ్డివామునూ మఠం వసారాలనూ చూశాక ఆ ఊళ్ళో నడిస్తే, బొమ్మలోకే అడుగు పెట్టినట్టు ఉంటుంది. ఒక ఊరి చరిత్రకు ఇంతకన్న నమ్మదగిన సాక్ష్యం లేదని నా అభిప్రాయం. రాసేవాడు తప్పు రాయవచ్చు గాని వెలుతురు తప్పు రాయదు కదా. మీరేమంటారు?

రేవు:
మొదటి ఛాయాచిత్రం ఫ్రాన్సులో నీప్స్ తీసినదని చదువుకున్నాను. టాల్బట్ మొదటివాడు ఎలా అవుతాడు?

గవాక్షం:
మొదటివాడని నేను ఎక్కడా అనలేదండీ. మిగిలిన నెగటివుల్లో పాతదని మాత్రమే అన్నాను.

కరణంమనవడు:
వెలుతురు తప్పు రాయదనే మాట వినడానికి బాగుంది. అయితే పెట్టెను ఎటు తిప్పి నిలబెట్టాలో నిర్ణయించేది వెలుతురు కాదు, దొరవారు. టాల్బట్ 1844 నుంచి 1846 వరకు విడతలుగా వేసిన ‘ప్రకృతి పెన్సిల్’ అనే గ్రంథంలో 24 బొమ్మలున్నాయి. పారిస్ వీధి ఉంది, ఆక్స్‌ఫర్డ్ కళాశాల ఉంది, పింగాణీ పాత్రలున్నాయి, ఆయన మఠం మూడుసార్లు ఉంది. లేకాక్ ఊరి వీధి ఒక్కటంటే ఒక్కటి లేదు. మీరు చెప్పిన గుమ్మం బొమ్మ, అంటే ‘తెరిచిన తలుపు’, అందులో ఆరోది. గుమ్మానికి ఏటవాలుగా పుల్లల చీపురు, పక్కన తగిలించిన లాంతరు, కళ్ళెం. ఊడ్చే మనిషి మాత్రం లేడు. ఆ చీపురును ఎవరో ఊడ్చి పెట్టి పోయారనుకుంటున్నారా? నీడ తలుపు అంచుకు సరిగ్గా సరిపడేలా చూసి మరీ ఆనించినది అది. ఊరి చరిత్ర కావాలంటే 1841 జనాభా లెక్క చూడండి. ఇంటింటికీ పేర్లున్నాయి, వృత్తులున్నాయి.

గవాక్షం:
చీపురు ఆనించి పెట్టినంత మాత్రాన చీపురు అబద్ధమవుతుందా? ఆ కాలపు చీపురును ఏ పుల్లలతో, ఎలా కట్టేవారో, తలుపు బందులు ఎలా ఉండేవో ఏ జనాభా లెక్కలో ఉంది? టాల్బట్ అదే గ్రంథంలో, ఆక్స్‌ఫర్డ్ బొమ్మ దగ్గర, చాలా తెలివైన మాట ఒకటి రాశాడు. తీసేటప్పుడు తాను గమనించనివి ఎన్నో తరవాత బొమ్మలో బయటపడతాయనీ, గోడ మీది రాతలూ దూరపు గడియారంలోని వేళా కూడా దొరుకుతాయనీ ఆయన అన్నాడు. దొరవారు కోరినది కొంత, కోరకుండా పడినది కొంత. నేను నమ్మేది ఆ రెండోదానిని. పైగా మీ 1841 లెక్కలో పదిహేనేళ్ళు దాటిన వారి వయసులను ఐదుకు తగ్గించి రాయమన్నారు. 34 ఏళ్ళ మనిషి 30 అయిపోయాడు. అది కూర్పు కాదా?

కరణంమనవడు:
వయసు తగ్గించారని మనకు తెలుసు, ఎందుకంటే ఆ నియమం కూడా రాసి ఉంది. చీపురు సంగతి అలా కాదు. అదే గుమ్మాన్ని ఆయన అంతకు ముందు కూడా చీపురుతో తీశాడు, ఆయన తల్లి దానికి ‘చీపురు స్వగతం’ అని పేరు కూడా పెట్టింది. ఒకే చీపురు పదేపదే అదే గుమ్మానికి ఆనుకుంటుందా? మరొక బొమ్మలో ఇద్దరు కట్టెలు కోస్తుంటారు. వారిలో ఒకడు నికొలాస్ హెన్నమన్, టాల్బట్ ఇంట్లో పరిచారకుడిగా చేరి తరవాత ఆయన ఛాయాచిత్రాల పనిలో సహాయకుడైన డచ్చి మనిషి. కట్టెలు కోసేవాడు కట్టెలు కోసేవాడు కాడు. మీ ‘కోరకుండా పడినది’ ఇందులో ఎంత?

గవాక్షం:
మళ్ళీ చీపురే. నేను ఊరి గురించి అడిగాను.

తుంగభద్ర:
చీపురు మీద ఇంత చర్చ జరగడం ఈ వేదికలో ఇదే మొదటిసారి. చదువుతున్నాను, కొనసాగించండి.

కరణంమనవడు:
ఊరి గురించే చెబుతాను. 1830 నవంబరులో విల్ట్‌షైర్ కూలీలు నూర్పిడి యంత్రాలను విరగ్గొట్టారు. చాలామందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపించారు. టాల్బట్ గడ్డివాము బొమ్మ ఆ తరవాత 14 ఏళ్ళకు తీసినది. వాము ఎంత శుభ్రంగా ఉందో, నిచ్చెన ఎంత నిదానంగా ఆనుకుని ఉందో చూడండి. ఆ గడ్డి కోసినవాడికి కూలి ఎంత ఇచ్చారో అందులో కనబడుతుందా? ఇది మన ఇంటి సంగతి కూడా. అమరావతి స్తూపం రాళ్ళను 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకు చేర్చాడు. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని అక్కడి మ్యూజియంలో ఛాయాచిత్రాలుగా తీశాడు. మరుసటి ఏడాది రాళ్ళు లండన్‌కు ఓడ ఎక్కాయి. ఆ బొమ్మల్లో రాతి వస్త్రం మడతలు కూడా కనిపిస్తాయి. కృష్ణ ఒడ్డు మాత్రం ఎక్కడా లేదు.

నల్లమల:
నేను సాధారణంగా ఇక్కడ రాయను, చదివి వెళతాను. శ్రీశైలం జలాశయం కింద మా ఊరు మునిగినప్పుడు నాకు పదేళ్ళు. నష్టపరిహారం కోసం ఒక కార్యాలయం వారు ప్రతి ఇంటికీ ఒక ఫోటో తీశారు. మా ఇంటికి వీధివైపు కొట్టం, వెనక మూడంకణాల మిద్దె. ఫోటోగ్రాఫరు వీధిలోనే నిలబడి తీశాడు. కాగితంలో గడ్డి కప్పు మాత్రమే పడింది. దాని ప్రకారమే మాకు పైకం లెక్కగట్టారు. మా నాయన ఆరు నెలలు తిరిగినా, ఫోటోలో లేనిది లేనట్టే అన్నారు. కాబట్టి కరణంమనవడు గారు చెప్పినదే నిజమని నాకు అనిపిస్తోంది. అయితే కరణంమనవడు గారూ, ఆ కార్యాలయానికి ఇళ్ళ జాబితా రాసిచ్చింది మా ఊరి కరణమే. అందులోనూ మిద్దె లేదు.

రేవు:
ఈ మాటకు ఇద్దరూ సమాధానం చెప్పాలి.

కరణంమనవడు:
నల్లమల గారూ, మీకు జరిగినది అన్యాయమే. దానికి ఏ వాదనా అడ్డు పెట్టను. కాని ఒకరు చేసిన తప్పుకు లెక్క రాసే పద్ధతినే తప్పు పట్టకూడదు.

గవాక్షం:
చూశారా, మీ తాతగారి లెక్కలలో తప్పు దొరికితే అది మనిషి తప్పు, నా ఫోటోలో తప్పు దొరికితే అది పద్ధతి తప్పు! 1984లో ఆ పద్ధతినే రద్దు చేసినప్పటి కోపం మీ ఇంట్లో ఇంకా తగ్గలేదని దీనితో అర్థమవుతోంది.

కరణంమనవడు:
మా ఇంటి మాట మీరు తెచ్చారు కాబట్టి నేనూ సూటిగా అడుగుతాను. మీకు లేకాక్ ఎందుకంత నచ్చింది? ఉన్ని వ్యాపారం పడిపోయి, ఊరంతా ఒకే కుటుంబం చేతిలో ఉండబట్టి అక్కడ కొత్త ఇల్లు లేవలేదు. టాల్బట్ మనవరాలు మటిల్డా 1944లో మఠంతో పాటు ఊరినీ నేషనల్ ట్రస్టుకు, అంటే పాత కట్టడాలను కాపాడే సంస్థకు, దానం చేసింది. ఊరిని దానం చేయడమంటే ఏమిటి? అందులో కాపురం ఉన్నవారి మాట ఏమిటి? ఇవాళ్టికీ అక్కడ చాలామంది ఆ సంస్థకు అద్దె కట్టేవారే. వీధిలో కరెంటు తీగ కనిపించకూడదు, ఎందుకంటే సినిమావాళ్ళు వస్తారు, మీలాంటివారు వచ్చి ‘బొమ్మలోకే అడుగు పెట్టినట్టు ఉంది’ అంటారు. మీకు చరిత్ర అక్కరలేదు. కదలని ఊరు కావాలి.

గవాక్షం:
ఆమె ఇవ్వకపోతే ఏమయ్యేదో ఆలోచించారా? ముక్కలుగా అమ్ముడుపోయేది. ఎవరికి తోచినట్టు వారు కట్టుకునేవారు. ఆ తీగల మాట అక్కడి అద్దెదారులు అనాలి గాని మీరు కాదు.

కరణంమనవడు:
సరిగ్గా అదే నేనూ అంటున్నాను. వారు అనాలి గాని మీరు కాదు.

గవాక్షం:
రెండు రోజులు సమాధానం ఇవ్వకుండా ఉన్నాను, క్షమించండి. కరణాల మాట అనవసరంగా తెచ్చాను, దానినీ వెనక్కి తీసుకుంటున్నాను. నా కోపానికి కారణం లేకాక్ కాదు. కోనసీమలో గోదావరి పాయ పక్కన మాకు మండువా లోగిలి ఉంది. తమ్ముడు దానిని పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాలంటాడు. నేను సంతకం చేయనని ఏడాదిగా ఆపుతున్నాను. కిందటి వేసవిలో లేకాక్ ఫోటోలు చూపించి, ఆ దేశంలో ఇలాంటి ఇళ్ళను ఎలా కాపాడుకుంటున్నారో చూడమన్నాను. వాడు అన్నాడు: “నువ్వు ఏడాదికి ఒకసారి వచ్చి ఫోటో తీసుకుని పోతావు. వాన పడితే ఏ గదిలో ఏ గిన్నె పెట్టాలో నాకు తెలుసు, మీ మరదలికి తెలుసు.” ఆ మాటకు అప్పుడూ జవాబు చెప్పలేకపోయాను. మీరు మళ్ళీ అదే మాట అన్నారు.

నల్లమల:
గవాక్షం గారూ, మీకు ఇల్లు మునగలేదు, తమ్ముడున్నాడు. ముందు ఆయనను ఫోటో తీయమనండి.

తుంగభద్ర:
పెంకులు తీయించి మళ్ళీ నేయించడానికి ఇప్పటికీ పనివాళ్ళు దొరుకుతారు. ఖర్చు ఎక్కువే, ఆ ఖర్చు ఎవరు పెడతారన్నదే అసలు గొడవ.

కరణంమనవడు:
గవాక్షం గారూ, ఇన్నాళ్ళూ చీపురు మీద మిమ్మల్ని వేధించాను. చీపురు కట్టు సంగతి ఏ లెక్కలోనూ దొరకదన్న మీ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆనించి పెట్టినది మాత్రం ఆనించి పెట్టినదే. మీ లోగిలి ఫోటోలు ఉంటే పెట్టండి. వీధి వైపువి వద్దు, వెనక వసారా చూరు కనిపించేవి, వీలైతే గిన్నెలు పెట్టిన రోజువి. మా ఇల్లు కూడా మండువాయే. 1990లో పడగొట్టింది నేనే.