60 శాతం కొవ్వు డైట్ పెట్టినా మైస్ (ల్యాబ్ ఎలుకలు) కాలేయంలో ఫైబ్రోసిస్ (మచ్చ కట్టడం) రావడం లేదు, ఎంసీడీకి (మెథియోనిన్, కోలిన్ లేని డైట్) మారాలా?

బెంచ్_నోట్స్:
సీ57బీఎల్/6జే జాతి మగ మైస్. 8 వారాల వయసు నుంచి 16 వారాల పాటు డి12492 (కేలరీల్లో 60 శాతం కొవ్వు) పెట్టాం. బరువు పెరిగింది, ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగింది, హెచ్ అండ్ ఈ (కణజాలానికి వేసే మామూలు రంగు) స్లైడ్ నిండా కొవ్వు చుక్కలే. కానీ సిరియస్ రెడ్ (మచ్చలోని కొలాజెన్‌ను ఎరుపుగా చూపే రంగు)లో రక్తనాళాల చుట్టూ మామూలుగా ఉండే ఎరుపు తప్ప ఏమీ లేదు. పరీక్షించాల్సింది ఫైబ్రోసిస్‌ను తగ్గించే మందు. ఎంసీడీలో త్వరగా వస్తుందంటున్నారు, నిజమేనా? కంట్రోల్ గ్రూపు చౌ (ధాన్యాలతో చేసే మామూలు ల్యాబ్ మేత) మీద ఉంది.

కొవ్వుచుక్క:
మీ డైట్‌లో తప్పేం లేదండీ, అది ఊబకాయానికి మోడల్. 16 వారాల్లో దాని నుంచి ఫైబ్రోసిస్ ఆశించకూడదు.

ఎంసీడీలో త్వరగా వచ్చే మాట నిజమే, 8 వారాలకే కనిపిస్తుంది. కోలిన్ లేకపోతే ఫాస్ఫాటిడిల్‌కోలిన్ సరిపడా తయారవదు. అది లేకుండా కాలేయం కొవ్వును వీఎల్‌డీఎల్‌ (రక్తంలో కొవ్వును మోసే కణాలు)గా బయటికి పంపలేదు. మెథియోనిన్ కూడా లేకపోవడంతో గ్లూటాథయోన్ (కణాల్ని కాపాడే యాంటీఆక్సిడెంట్) పడిపోయి కణాలు దెబ్బతింటాయి. చిక్కల్లా ఏమిటంటే మైస్ చిక్కి సగమవుతాయి, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉండదు. మనుషుల్లో ఈ ఫ్యాటీ లివర్ జబ్బు ఎక్కువగా ఉండేది దీనికి నేరుగా ఎదురు స్థితిలో.

మధ్యే మార్గం సీడీఏహెచ్‌ఎఫ్‌డీ అనే డైట్: కోలిన్ సున్నా, మెథియోనిన్ 0.1 శాతం, కొవ్వు 60 శాతం. బరువు అంతగా పడిపోదు, 6 నుంచి 12 వారాల్లో ఫైబ్రోసిస్ వస్తుంది. మీ మందు నేరుగా స్టెల్లేట్ కణాల (కాలేయంలో మచ్చ కట్టించేవి) మీద పనిచేసేదైతే ఇది చాలు. బరువు, ఇన్సులిన్ దారిలో పనిచేసేదైతే జీఏఎన్ డైట్ తప్పదు: 40 శాతం కొవ్వు (ఎక్కువగా పామాయిల్), ఫ్రక్టోజ్, 2 శాతం కొలెస్టరాల్. దీని పాత రూపమైన ఏఎంఎల్‌ఎన్‌లో ట్రాన్స్ ఫ్యాట్ ఉండేది. అమెరికాలో ఎఫ్‌డీఏ ఆ నూనెల్ని ఆహారంలోంచి తీసేయించాక పామాయిల్‌కి మారారు. దీనికి 6 నెలలకు పైనే ఓపిక పట్టాలి. అప్పుడు కూడా ఒక్కో మౌస్‌లో ఒక్కోలా వస్తుంది. అందుకే మందు మొదలెట్టే ముందు బయాప్సీ తీసి, ఫైబ్రోసిస్ ఉన్నవాటినే గ్రూపులుగా పంచుతారు.

స్లైడ్_చూసేవాడు:
మోడల్ సంగతి అలా ఉంచి, ముందు ఆ కంట్రోల్ మార్చండి. చౌలో పీచు వేరు, సోయా వల్ల వచ్చే ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు వేరు. దానితో పోలిస్తే తేడా కొవ్వుదో, పీచుదో చెప్పలేరు. డి12492కి జోడీగా 10 శాతం కొవ్వున్న డి12450జే వాడాలి. సీడీఏహెచ్‌ఎఫ్‌డీకి మారితే దానికి తగ్గ వేరే కంట్రోల్ కావాలి.

శాంపిల్ దగ్గర పొరపాట్లు ఇంకా ఎక్కువ. రాత్రంతా పస్తు పెడితే శరీరంలోని కొవ్వు కరిగి కాలేయానికే చేరుతుంది, కంట్రోల్‌లో కూడా స్టియటోసిస్ (కాలేయంలో కొవ్వు చేరడం) కనిపిస్తుంది. 4–6 గంటలు చాలు. ప్రతి మౌస్‌లో అదే లోబ్ తీసుకోండి, సాధారణంగా ఎడమ లాటరల్. ఆయిల్ రెడ్ ఓ (కొవ్వుకు పట్టే రంగు) చేయాలంటే ఫ్రోజెన్ సెక్షన్లే, పారఫిన్‌కి వెళ్లే దారిలో ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కడిగేస్తాయి. ఫ్యాటీ లివర్ తీవ్రతకు వేసే ఎన్‌ఏఎస్ స్కోరు (స్టియటోసిస్ 0–3, ఇన్‌ఫ్లమేషన్ 0–3, బెలూనింగ్ అంటే కణాలు ఉబ్బడం 0–2)లో ఫైబ్రోసిస్ లేదు, దాన్ని విడిగా 0–4 వేయాలి. ఎన్‌ఏఎస్ తగ్గింది కాబట్టి ఫైబ్రోసిస్ తగ్గిందని రాస్తే రివ్యూయర్ వదలడు. మైస్‌లో బెలూనింగ్ స్పష్టంగా దొరకడం కష్టం, వెతికి వెతికి మార్కులు వేయకండి.

బెంచ్_నోట్స్:
థాంక్సండీ. మందు స్టెల్లేట్ కణాల మీద పనిచేసేదే, సీడీఏహెచ్‌ఎఫ్‌డీకి వెళ్తాం. ఆడ మైస్ కూడా కలపొచ్చా?

కొవ్వుచుక్క:
కలిపితే విడి గ్రూపులుగా లెక్కించండి. మామూలు హై ఫ్యాట్ డైట్‌లో ఆడవి అంత తేలిగ్గా లొంగవు. ఒకే పంజరంలోవి ఒకదాని మలం ఒకటి తింటాయి, పేగు బాక్టీరియా కలిసిపోతుంది. అందుకని ఒక గ్రూపంతా ఒకటి రెండు పంజరాల్లోనే ఉంటే మందు ప్రభావాన్నీ పంజరం ప్రభావాన్నీ విడదీయలేరు.

యానిమల్_హౌస్:
డైట్ మారిస్తే ఐఏఈసీకి (సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ) సవరణ పెట్టి, అనుమతి వచ్చాకే మొదలెట్టండి. బరువు ఎంత తగ్గితే ఆపేస్తారో (చాలాచోట్ల 20 శాతం) అందులోనే రాయాలి. ఫీడ్ మైనస్ 20లో ఉంచి, పంజరంలో వారానికి రెండు మూడుసార్లు మార్చండి. మన ఎండలకి కొవ్వు మెత్తబడి ముక్కిపోయి వాసన వస్తుంది, మైస్ తినడం మానేస్తాయి. పొడిగా రాలిపోయే పెల్లెట్ అయితే కింద పడింది కూడా తూచాలి, లేకపోతే తినకుండా పారబోసింది కూడా తిన్నట్టే లెక్కలోకి వస్తుంది.