అప్‌డేట్: మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ల్యాబ్‌ను రెండు సెక్షన్లు చేశాం

కోడింగ్ ముందే వచ్చినవాళ్లూ, ఇంటర్ దాకా కంప్యూటర్ ముట్టనివాళ్లూ ఒకే ల్యాబ్‌లో కూర్చుంటే రెండోవాళ్లు నోరు విప్పడం లేదు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అమెరికాలోని హార్వే మడ్ కాలేజీ పద్ధతి తీసుకున్నాం. వాళ్లు మొదటి కోర్సును జావా అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి పైథాన్ అనే భాషకు మార్చి, అనుభవాన్ని బట్టి సెక్షన్లు విడదీశారు. 2006లో 10 శాతం దగ్గరున్న కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిల వాటా కొన్నేళ్లలోనే 40 శాతం దాకా వెళ్లింది.

సిలబస్, పరీక్ష రెండు సెక్షన్లకూ ఒక్కటే ఉండాలి. లేకపోతే ఒకటి 'వెనకబడినవాళ్ల బ్యాచ్' అయి కూర్చుంటుంది. విడదీసే ఫారంలో "కోడింగ్ ఎంత వచ్చు?" అని అడగొద్దు, బెరుకున్నవాళ్లు తక్కువ వేసుకుంటారు. "లూప్ రాశారా? ఫంక్షన్ రాశారా?" అని అడగండి.

జంటలుగా చేయించేటప్పుడు 20 నిమిషాలకోసారి కీబోర్డు చేతులు మారాలి. గడియారం చూసి మరీ మార్పించాలి, లేదంటే వేగంగా టైపు చేసేవాళ్లే చివరిదాకా వదలరు.

చూపులేని విద్యార్థుల గురించి అడిగినవారికి: తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితం. సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్ తెరిచి, లైన్ ఇండెంటేషన్ (లైను మొదట్లో వదిలే ఖాళీ) చదివే ఆప్షన్ ఆన్ చేయాలి. పైథాన్‌లో బ్లాకుకు, అంటే ఒక గుంపుగా నడిచే లైన్లకు, హద్దు ఇండెంటేషనే కదా, అది వినబడకపోతే తప్పెక్కడుందో దొరకదు. ఆ ఖాళీకి ట్యాబులు, స్పేసులు కలపనివ్వకండి.

ఇంటర్ పిల్లలకు కోడింగ్ పరిచయం చేయడానికి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు వెళ్లేట్టయితే మాత్రం, వాళ్లు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో బ్రాంచి పెట్టకముందే వెళ్లాలి. పైథాన్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, అక్కడి నెట్‌ను నమ్ముకోవద్దు.