సోయాచిక్కుడు గింజలో మాంసకృత్తులు తగ్గడానికి కొత్త వంగడాలే కారణమా?

తార్నాక నుంచి ఒక తల్లి:
మా అబ్బాయికి పాలు పడవు. మూడేళ్లుగా ఇంట్లోనే సోయా పాలు తీస్తున్నాను. రాత్రి నానబెట్టిన గింజలను పొద్దున పొట్టు తీసి మిక్సీలో వేయగానే పచ్చివాసన వంటిల్లంతా కమ్ముకుంటుంది. పైగా కొత్త వంగడాల్లో మాంసకృత్తులు తగ్గాయని చదివాను. దిగుబడి వెంటపడి గింజలోని సారాన్ని పోగొట్టుకున్నామని నా బాధ. కాదంటారా?

రాజేంద్రనగర్ నుంచి వ్యవసాయ విద్యార్థి:
అమ్మా, మాంసకృత్తుల విషయంలో మీ మాటలో నిజముంది. సోయా గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. సాధారణంగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. సాగులోకి రాకముందున్న అడవి సోయాను చూడండి: చిన్న నల్ల గింజలు, మాంసకృత్తులు ఎక్కువ, నూనె తక్కువ. అమెరికాలో పాత, కొత్త వంగడాలను పక్కపక్కనే వేసి చూస్తే దిగుబడి, నూనె పెరిగాయి, మాంసకృత్తుల శాతం తగ్గింది. మాంసకృత్తులకు నత్రజని కావాలి. వేళ్లపై ఉండే బుడిపెలు గాలి నుంచి పట్టి ఇచ్చే నత్రజనిని, ఆకుల నుంచి దిగేదాన్ని ఎక్కువ గింజలకు పంచాలంటే ఒక్కో గింజకు వాటా తగ్గుతుంది.

అయితే ఎకరా లెక్క వేరు. ఉదాహరణకు 8 క్వింటాళ్ల పంటలో 41 శాతమైతే 328 కిలోల మాంసకృత్తులు. 10 క్వింటాళ్లలో 39 శాతమే ఉన్నా 390 కిలోలు. సారం పోయిందని నేను అనలేను.

వాసన నేరం మాత్రం కొత్త వంగడాలది కాదు. గింజలో మొదటి నుంచీ ఉన్న లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్, గింజ చితికి నీరూ గాలీ తగలగానే కొవ్వు ఆమ్లాలను విరగగొడుతుంది. ఆ వాసన అదే. ఇండోర్‌లోని సోయా పరిశోధన సంస్థ ఇచ్చిన ఎన్ఆర్‌సీ 142 అనే వంగడంలో ఆ ఎంజైమ్‌లో ఒక రకమైన లైపాక్సిజనేజ్-2 లేదు, అరుగుదలను అడ్డుకునే కునిట్జ్ ట్రిప్సిన్ ఇన్హిబిటర్ కూడా లేదు. ఇది సంకరంతో వచ్చిన వంగడమే, జన్యుమార్పిడి కాదు.

ఉప్పల్ నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాబూ, ఆ ఇన్హిబిటర్ పురుగుల నుంచి మొక్క తనను తాను కాపాడుకునే ఆయుధం. ఉడికిస్తే ఎలాగూ చాలావరకు పోతుంది కదా! పొలంలో రైతుకు పనికొచ్చేదాన్ని వంటింటి కోసం తీసేయడం న్యాయమా?

రాజేంద్రనగర్ నుంచి వ్యవసాయ విద్యార్థి:
మాస్టారూ, మీ ప్రశ్న సరైనదే. అందుకే ఇలాంటి వంగడాన్ని పురుగు ఒత్తిడి ఉన్న పొలంలో పరీక్షించకుండా రైతు చేతికి ఇవ్వకూడదు. కానీ వేడికీ ఒక మూల్యముంది. ఇంధనం ఖర్చు అటుంచి, మరీ ఎక్కువగా వేడిచేస్తే లైసిన్ అనే అమైనో ఆమ్లం దెబ్బతింటుంది. పిల్లలకు అది ముఖ్యం.

బోధన్ రైతు బిడ్డ, ప్రస్తుతం కూకట్‌పల్లి:
మీరంతా గింజ లోపల ఏముందో మాట్లాడుతున్నారు. మా నాన్న సోయాను కాటా వేసి అమ్ముతారు. వ్యాపారి గుప్పెడు గింజలు తీసి, కొరికి చూసి, తేమ మీటరులో పోస్తాడు. 12 శాతం దాటితే ధర కోత. మట్టి, పగిలిన గింజలు చూస్తాడు. మాంసకృత్తులు ఎంత అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు! 38 అయినా 42 అయినా అదే ధర. అలాంటప్పుడు దిగుబడి రెండు బస్తాలు తగ్గే వంగడాన్ని మా నాన్న ఎందుకు వేయాలి? తప్పు వంగడాలు తయారుచేసేవారిది కాదు, తూకానికే డబ్బు కట్టే పద్ధతిది. మీల్‌మేకర్ చేసేవాళ్లకు కావలసింది మాంసకృత్తులే. దానికి తగ్గ ధర యార్డులో ఇవ్వమనండి, మరుసటి ఖరీఫ్‌లోనే ఆ విత్తనం కోసం మా ఊళ్లో వరుస కడతారు.

తార్నాక నుంచి ఒక తల్లి:
తమ్ముడూ, ఈ సంగతి నాకు తట్టనే లేదు. కొనేటప్పుడు నేనూ ధరే అడిగాను, వంగడం పేరు ఎన్నడూ అడగలేదు. విద్యార్థి బాబూ, ఆ వంగడం ఇక్కడ దొరక్కపోతే వాసనకు ఏం చేయాలి?

రాజేంద్రనగర్ నుంచి వ్యవసాయ విద్యార్థి:
నానిన గింజలను మరుగుతున్న నీళ్లలో వేసి కొన్ని నిమిషాలు ఉడికించాక రుబ్బండి. చితికేలోపే ఎంజైమ్ చస్తుంది. తీసిన పాలను మళ్లీ బాగా కాచడం మాత్రం మానకండి.