‘బలాదూర్’ తిరగడం అంటే అసలు అర్థమేంటి?

చిన్నప్పుడు సెలవుల్లో గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అమ్మమ్మ అందుకునేది: ‘వచ్చావా బలాదూర్ తిరుగుళ్ళు తిరిగి!’ నిన్న మా అబ్బాయిని నేనూ అదే మాటతో కోప్పడ్డాను. ‘బలాదూర్ అంటే ఏంటి నాన్నా?’ అన్నాడు. పనీపాటా లేకుండా తిరగడం అని చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

ఉర్దూలో ‘బలా’ అంటే ఆపద, పీడ. ‘దూర్’ అంటే దూరం. రెండూ కలిస్తే ‘పీడ విరగడైంది’ లాంటి అర్థం రావాలి కదా! అది ఊరికే తిరిగేవాడికి ఎలా అంటుకుంది? ఇంట్లోవాళ్ళకి పీడ వదిలిందనా? (మా ఇంట్లో అయితే నిజమే.) పైగా ‘వాడి తెలివి ముందు మనమంతా బలాదూర్’ అని కూడా అంటాం. అక్కడ తిరుగుడే లేదు.

‘బేవార్సు’ సంగతి తేలికే. ‘బే’ అంటే లేని, ‘వారిస్’ అంటే వారసుడు, అడిగే దిక్కులేనిదని. బలాదూరే కొరుకుడు పడటం లేదు.

బలాదూర్‌కి ఉన్న ఈ రెండు వాడుకలూ ఒకే మాటవేనా? ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు, అక్కడా దీన్ని సోమరి తిరుగుళ్ళకి వాడతారో లేదో కాస్త చెప్పండి.