శనివారం నాగార్జునకొండ, ఆదివారం అమరావతి, బెజవాడ: కారులో రెండు రోజుల ప్లాన్ సరిచూడండి

ప్రశ్న (అడిగినవారు: సాగర్‌రోడ్)

వచ్చే నెల రెండో శనివారం ఎల్బీనగర్ నుంచి కారులో ఇద్దరం బయలుదేరుతున్నాం. గుంటూరులో ఒక మిత్రుడు, బెజవాడలో ఒకడు, నలుగురం ఒకే హాస్టల్ వాళ్లం. శనివారం రాత్రి పడక గుంటూరు మిత్రుడి ఇంట్లో. ఆదివారం అక్కడి నుంచి బెజవాడ వెళ్లి, ఆ రాత్రికే హైదరాబాద్ చేరాలి. లిస్టులో ఉన్నవి: నాగార్జునకొండ మ్యూజియం, అమరావతి మ్యూజియం, ఉండవల్లి గుహలు, బెజవాడ బాపు మ్యూజియం, కొండపల్లి. ఒకరు శాకాహారి, ఒకరికి మోకాళ్ల నొప్పి. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి? ఏది వదిలెయ్యాలి? తిండి ఎక్కడ?

జవాబు (పల్నాడుబాట)

నాగార్జునసాగర్ వైపు నుంచే మొదలుపెట్టండి. నాగార్జునకొండ మ్యూజియం జలాశయం మధ్య దీవి మీద ఉంది, లాంచీలోనే వెళ్లాలి. మీ చేతిలో లేనిది లాంచీ ఒక్కటే, అందుకే అది మొదటి రోజు పొద్దున అయిపోవాలి. తిరగేసి వెళితే ఆదివారం మధ్యాహ్నం లాంచీ కోసం నిలబడాల్సి వస్తుంది, తర్వాత ఇంకా 150 కిలోమీటర్లు ఉంటుంది.

శనివారం ఉదయం 5కి బయలుదేరండి. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, పెద్దవూర మీదుగా డ్యామ్ ఎడమగట్టున ఉన్న హిల్ కాలనీ. టిఫిన్‌కి ఆగినా ఎనిమిదిన్నరకు చేరతారు. ఇక్కడే చాలామంది పొరపడతారు: నాగార్జునకొండ లాంచీ ఎక్కాల్సింది ఆంధ్రా వైపు, అంటే విజయపురి సౌత్‌లో. డ్యామ్ మీదుగా కార్లు పోవు, దిగువన ఉన్న వంతెన దాటి కుడిగట్టుకు వెళ్లాలి. లాంచీ పోను సుమారు గంట, రాను గంట. దీవి మీద గంటన్నర. టికెట్ క్యూతో కలిపి నాలుగు గంటలు తీసిపెట్టుకోండి. సరిపడా మంది రాకపోతే లాంచీ కదలదు, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి ముందురోజు సాయంత్రం బోటింగ్ యూనిట్‌కు ఫోన్ చేసి మొదటి ట్రిప్ ఎన్నింటికో కనుక్కోండి.

వర్షాకాలంలో వరద ఉంటే లాంచీలు నిలిపేస్తారు. అదే రోజుల్లో డ్యామ్ క్రస్ట్ గేట్లు ఎత్తారంటే హైదరాబాద్ నుంచి కార్లన్నీ సాగర్‌కే వస్తాయి, హిల్ కాలనీ దగ్గరే గంటలు పోతాయి. మీ వారాంతానికి గేట్ల వార్త వస్తే తేదీ మార్చుకోవడం నయం.

దీవి నుంచి రెండింటికల్లా బయటపడితే మాచర్ల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు. మాచర్ల దగ్గర నుంచి సుమారు 120 కిలోమీటర్లు. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నం బట్టీల, సిమెంటు లారీలు బారులు తీరి ఉంటాయి. చీకటి పడ్డాక ఆ ముక్క నడపకండి, తెల్ల దుమ్ములో ఎదురు లైట్లకు దారి కనపడదు.

జవాబు (శిల్పరేఖ)

ఏది వదలాలన్న దానికి నా జవాబు: ఉండవల్లి. లోపల అంతస్తుకూ అంతస్తుకూ మధ్య మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవారు పడుకున్న అనంతపద్మనాభస్వామి దాకా ఎక్కలేరు. మిగిలినవాళ్లు పైకెళితే ఆయన కింద ఒక్కడే కూర్చోవాలి. కలవడానికే వెళుతున్న ప్రయాణంలో అది ఎందుకు?

కానీ నాగార్జునకొండనూ అమరావతినీ మాత్రం విడదీయకండి. రెండూ పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన పనే. ఒకే రాయి, కొన్ని వందల ఏళ్ల తేడా. అమరావతి స్తూపం క్రీస్తుకు ముందే మొదలైంది. నాగార్జునకొండ పని ఇక్ష్వాకు రాజుల కాలానిది, 3, 4 శతాబ్దాలది. మీ దారి కాలక్రమానికి తలకిందులు, అయినా నష్టం లేదు, ఎందుకో చెబుతాను.

నాగార్జునకొండలో శిల్పాలు చాలావరకు చెదిరిపోకుండా ఒకచోట ఉన్నాయి. డ్యామ్ కడితే లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండమీదికి చేర్చారు. లోపలికెళ్లగానే ఫలకాలన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. ముందు ఆయక స్తంభాలు పట్టుకోండి: స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి, బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తు. తర్వాత బయట ఇటుకలతో తిరిగి కట్టిన స్తూపాల పునాదులు చూడండి. బండిచక్రం ఆకుల్లా అడ్డగోడలు ఉంటాయి. ఆకుల మధ్య మట్టి నింపి పైన గుండ్రంగా లేపేవారు. అది అర్థమయ్యాక లోపలి ఫలకాల మీద చెక్కిన చిన్న స్తూపాల బొమ్మలు మళ్లీ ఒకసారి చూస్తే, ఏ రాయి ఎక్కడ అమర్చేవారో తెలుస్తుంది.

ఈ లెక్క తలలో పెట్టుకుని అమరావతి వెళ్లండి, ఎందుకంటే అక్కడ చాలా భాగం లేదు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు లండన్ వెళ్లాయి. నాళగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసే ప్రసిద్ధ పతకం (గుండ్రటి శిల్పఫలకం) చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉంది, అమరావతిలో వెతికి నిరాశపడకండి. ఇక్కడ చూడాల్సింది పద్మాల పతకాలు, పూర్ణఘటం (నిండు కుండ శిల్పం). ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటం ఈ శిల్పసంప్రదాయం నుంచి వచ్చిందే. పక్కనే మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, జాగా ఉంది. ఇప్పుడు మిగిలింది తక్కువ దిబ్బే అయినా చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, కొలత అప్పుడే కాళ్లకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మ్యాపులో ఊరికే అమరావతి అని కొడితే రాజధాని ప్రాంతానికి, వెలగపూడి వైపుకు తీసుకుపోతుంది. అమరేశ్వరాలయం అని కొట్టండి, మ్యూజియం ఆ పాత ఊళ్లోనే. ఈ రెండు మ్యూజియాలకూ సెలవు శుక్రవారం, కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

సాగర్‌రోడ్:

ఉండవల్లి తీసేశాం, ధన్యవాదాలండి. లాంచీ లేదని ముందురోజే తెలిస్తే శనివారం ఏం చేయాలి? ఆదివారం టైములు కూడా ఎవరైనా వేసి ఇవ్వగలరా?

పల్నాడుబాట:

లాంచీ లేకపోతే అనుపు వెళ్లండి. విజయపురి సౌత్ నుంచి రోడ్డు మీదే వెళ్లొచ్చు. మునిగిన లోయలోని విహారాలు, మెట్ల రంగస్థలం అక్కడ తిరిగి కట్టారు. ఎడమగట్టున హిల్ కాలనీ దగ్గర బుద్ధవనం అనే బౌద్ధ పార్కు ఉంది, 2022లో తెరిచారు, 274 ఎకరాలు. కొత్త కట్టడం కాబట్టి పాత రాతికి బదులు కాదు. కానీ స్తూపం పూర్తిగా ఉంటే ఎలా ఉండేదో కళ్లకు కడుతుంది. ముందు బుద్ధవనం, తర్వాత వంతెన దాటి అనుపు, ఆపైన మాచర్ల దారిలో ఎత్తిపోతల జలపాతం. ఇలా అయితే వెనక్కి తిరిగే పని ఉండదు.

ఆదివారం: గుంటూరులో ఎనిమిదిన్నరకు కదలండి, అమరావతి సుమారు 35 కిలోమీటర్లు. ముందు మహాచైత్యం, పదికి మ్యూజియం. పన్నెండుకు బయలుదేరి తుళ్లూరు మీదుగా బెజవాడ. ప్రకాశం బ్యారేజీ మీద ఆదివారం రద్దీ, కనుక భోజనం ఒకటిన్నర అనుకోండి. రెండున్నర నుంచి మూడున్నర దాకా బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం. నాలుగుకు ఊరు విడవాలి. కొండపల్లిలో 40 నిమిషాలు మించితే పంతంగి టోల్ దగ్గర ఆదివారం రాత్రి క్యూలో ఇరుక్కుంటారు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి మూడూ వస్తాయి.

జవాబు (ఉలవచారు)

తిండి సంగతి. శనివారం మధ్యాహ్నం సాగర్‌లో రిజర్వాయర్ చేపల వేపుడు బాగుంటుంది, నూనె పాతదా కొత్తదా చూసి తీసుకోండి. నల్లబడి నురగ కడుతుంటే వద్దు. మీ శాకాహారికి పెరుగన్నం డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోండి, లాంచీ ఆలస్యమైతే అదే ఆదుకుంటుంది. గుంటూరులో రాత్రి మిత్రుడి ఇంటి భోజనమే, అందుకని దారిలో బజ్జీలతో కడుపు నింపుకోకండి. ఇంట్లో వద్దనుకుంటే శాకాహార భోజనానికి శంకర్‌విలాస్.

ఆదివారం పొద్దున గుంటూరులో రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని బెజవాడలో గట్టిగా తినండి. గాంధీనగర్ బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీకి పేరు, కానీ మీరు చేరేది మధ్యాహ్నం. కాబట్టి అరిటాకు భోజనం పెట్టే మెస్‌లో కూర్చోండి, ఉలవచారు ఉందా అని అడిగి మరీ. వేడన్నంలో ఉలవచారు, పైన మీగడ. ఇంటికి కట్టించుకుంటే మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పోయించి నిటారుగా పెట్టండి, రాత్రి చేరగానే ఒకసారి మరిగించి చల్లారాక ఫ్రిజ్‌లోకి.

మిర్చి కొనాలనుకుంటే గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు. మిత్రుడినే శుక్రవారం కొని పెట్టమనండి. కారానికి తేజ, రంగుకు బ్యాడిగి, ఇంట్లో రోజువారీ కారప్పొడికి 334 రకం. తొడిమలతోనే తీసుకోండి, తొడిమ తీసినది తొందరగా మెత్తబడుతుంది.

జవాబు (పొణికి)

కొండపల్లి గురించి ఒక మాట. రోడ్డు పక్క దుకాణాల దగ్గర ఆగకుండా నేరుగా బొమ్మల కాలనీలోకి వెళ్లండి, పని జరుగుతుండగా చూడొచ్చు. తెల్ల పొణికి కర్రను సన్నసెగన ఆరబెట్టి చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నపు పూత, ఆ తర్వాత రంగు. బొమ్మ చేతిలోకి తీసుకోగానే ఆశ్చర్యపోయేంత తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే వేరే కర్ర. అతుకుల దగ్గర వేలు పెట్టి చూడండి, సన్న చీలిక ఉంటే మక్కు సరిగా ఆరలేదు, ఇంటికెళ్లేలోపు చెయ్యి ఊడుతుంది. ఏనుగు అంబారీ కొంటే పైన కూర్చున్న బొమ్మలు విడిగా వస్తాయా అతికించినవా అడగండి. విడిగా వచ్చేవైతే వేరే కాగితంలో చుట్టించండి. మిర్చి బస్తా పక్కన మాత్రం పెట్టకండి, డిక్కీలో ఒకటి కదిలితే రెండోది నలుగుతుంది.